అడవి అంచున ఇల్లు: కడప ప్లాను అక్కడ పనికిరాదు

తమ్ముడూ, మెల్‌బోర్న్ శివారు కొండల్లో నువ్వు కొన్న స్థలానికి మీ మామయ్య కడపలో గీయించి పంపిన ప్లాను చూశాను. కడపలో కట్టేదయితే వంక పెట్టలేం. గది గదికీ వెంటిలేటర్లు, గోడను ఆనుకుని చెట్టు నీడ, చుట్టూ వరండా. ఎండకు వేగే ఊరివాళ్లం, ఇల్లు కట్టేటప్పుడు గాలి కోసమే చూస్తాం. నీ స్థలంలో ఆ గాలితోపాటు కార్చిచ్చు నిప్పురవ్వలూ వస్తాయి.

ముందు ‘బ్యాల్’ అంచనా వేయించు, అంటే కార్చిచ్చు వస్తే స్థలానికి ఎంత ముప్పో చెప్పే స్థాయి. చుట్టూ ఎలాంటి చెట్లున్నాయి, ఎంత దూరంలో ఉన్నాయి, నేల వాలు ఎంత అని చూసి స్థలానికి 12.5, 19, 29, 40 అంటూ స్థాయి ఇస్తారు. ఆపైది ‘ఫ్లేమ్ జోన్’, అంటే మంటే నేరుగా ఇంటిని తాకగల చోటు. స్థాయి పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. నీది కొండ నెత్తి. మంట ఎగువకు పరుగెడుతుంది; వాలు 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది.

కార్చిచ్చుల్లో ఎక్కువ ఇళ్లు అంటుకునేది రవ్వలవల్లే. అవి మంటకన్నా ముందే ఎగిరొచ్చి చూరు సందుల్లో దూరతాయి. వెంటిలేటర్లకు ఉక్కు జాలీ బిగించు, కన్ను 2 మిల్లీమీటర్లు మించకూడదు. ప్లాస్టిక్ దోమతెర కరిగిపోతుంది.

కప్పు మీద నీటి కూలర్ కూడా గీశారు! మన కూలర్లకు గడ్డి ఉన్నట్టే అక్కడ చాలావాటికి అట్టతో చేసిన మెత్తలుంటాయి. కరెంటు పోయి నీళ్లు ఆగితే అవి ఎండిపోతాయి. ఒక్క రవ్వ పడితే చాలు, మంట కప్పులోకి దిగుతుంది. పెట్టి తీరాలంటే లోహపు జాలీ చుట్టించు. నన్నడిగితే వద్దంటాను.

వరండాకు చెక్క వద్దు, రాతి బండలు పరిపించు. ఇంటిని స్తంభాల మీద లేపితే కింద ఎండుటాకులు చేరతాయి, నేలకు ఆనించి కాంక్రీటు పలక వేయించు. యూకలిప్టస్ ఏడాది పొడవునా ఆకు రాలుస్తుంది కాబట్టి కప్పు వంపులు లేకుండా సాదాగా ఉండాలి, చూరు కాలువలు ఎప్పటికప్పుడు శుభ్రం చేయాలి. గోడ పక్క చెట్టయితే అసలే వద్దు.

ఇంత చేసినా ఇంటిని నమ్మి లోపల కూర్చోవద్దు. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలోనే కార్చిచ్చుకు 173 మంది చనిపోయారు. వారిలో చాలామంది ఇళ్లలోనో ఇళ్ల దగ్గరో ఉన్నవారే. సంక్రాంతికి అమ్మానాన్నలను పిలిపించుకుంటావేమో, అక్కడ నడివేసవి అదే. ప్రమాద హెచ్చరిక ఉన్న రోజు పొద్దున్నే వాళ్లను కారెక్కించి ఊళ్లోకి తీసుకెళ్లు. పాస్‌పోర్టులు, నాన్న మందులు ముందురోజే సంచిలో సర్దిపెట్టు.