ఎ డిస్క్ దగ్గర కూర్చున్న అబ్బాయిని మాన్పించాలా?

తెనాలి నుంచి ఒక తండ్రి రాశారు: "మావాడు ఎనిమిది నెలలుగా మెయిన్‌ఫ్రేమ్ టీమ్‌లో ఉన్నాడు. జెడ్/వీఎం అట. ఏం చేస్తున్నావురా అంటే, సిస్టమ్ డిస్కులను ఏ వరసలో వెతుకుతుందో నేర్చుకుంటున్నా అంటాడు. మా తోడల్లుడి కొడుకు ఏఐ కోర్సులో చేరాడు. వీణ్ణి మాన్పించి లక్షన్నర కట్టి అందులో చేర్పించమంటారా? ఏది మేలో పోల్చి చెప్పండి."

చెబుతాను సార్. ఈ ప్రశ్న నాకు కొత్తేం కాదు, ఊరూ కోర్సూ మారతాయి గానీ తోడల్లుడి కొడుకు మాత్రం ప్రతిసారీ ఉంటాడు.

ముందు మీవాడి పని సంగతి. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్, దాన్ని ఎన్నో కంప్యూటర్లన్నట్టు పంచి నడిపేది జెడ్/వీఎం. అందులో మనం కమాండ్లు కొట్టే సీఎంఎస్‌లో డిస్కులకు ఎ నుంచి జెడ్ దాకా అక్షరాలు తగిలిస్తారు. ఒక ఎక్జెక్ (కమాండ్లు రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్ ఫైలు) పేరు కొడితే ముందు ఎలో, అక్కడ లేకపోతే బిలో, అలా వెతుక్కుంటూ వెళ్లి మొదట దొరికినదాన్నే నడిపేస్తుంది. ఎ అంటే మామూలుగా మన సొంత 191 డిస్క్, సిస్టమ్ ఫైళ్లుండే 190 ఎక్కడో ఎస్ దగ్గర ఉంటుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ టీమ్ డిస్క్‌లో తప్పు సరిచేసినా ఒక్కడికి మాత్రం పాత తప్పే వస్తోందనుకోండి, ఎప్పుడో టెస్టింగ్‌కని కాపీ చేసుకుని మర్చిపోయిన ఫైలు వాడి ఎ డిస్క్‌లోనే ఉండొచ్చు. క్వెరీ సెర్చ్ అనే కమాండ్ కొట్టి వరస చూసి, లిస్ట్‌ఫైల్ అనే ఇంకో కమాండ్‌తో కాపీలెన్ని ఉన్నాయో చూసినవాడికి ఐదు నిమిషాల పని, తెలియనివాడు రోజంతా కోడ్ చదువుతూ కూర్చుంటాడు.

మీరు మోజుపడుతున్న ఏఐలో వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌దీ ఇదే కథ. మన ఫోల్డర్లో రాండమ్ డాట్ పీవై అని ఫైలు పెట్టుకుంటే, అసలు రాండమ్ లైబ్రరీ బదులు అదే లోడై ప్రోగ్రామ్ పడిపోతుంది. ఎందుకో చెప్పమంటే బిక్కమొహం వేసే ఏఐ కోర్సు పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఆ కోర్సుల మీద నా అనుమానమంతా అక్కడే. ఎవరో కోడ్ రాసిపెట్టిన రెడీమేడ్ నోట్‌బుక్ ఫైలు తెరిచి రన్ నొక్కడం ఆరు నెలల్లో వచ్చేస్తుంది, లెక్కలు రావు, డేటా శుభ్రం చేసే ఓపికా రాదు, చివరికి చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. ఏఐ వద్దని కాదు, కొత్త జెడ్17 మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్లోనే దాన్ని పెట్టారు. కానీ జీతం ఇస్తూ నేర్పిస్తున్నచోటు వదిలి, జీతం లేకుండా లక్షన్నర ఎదురిస్తామనడం ఏం లెక్క? మీవాడు మాన్పించమని అడిగాడా? ఉత్తరంలో ఆ ముక్కే లేదు. పెళ్లిళ్లలో ఏం చెప్పుకోవాలన్న బెంగ మీది, వాడిది కాదు.

ఇక మీరడిగిన పోలిక. వీఎం ఉద్యోగాలు తక్కువే, ఒక్క సీఎంఎస్‌నే నమ్ముకుంటే కంపెనీ మారడం కష్టం. అందుకే జెడ్/వీఎం మీద నడిచే లైనక్స్ సర్వర్ల పని అడిగి తీసుకోమనండి, ఇంటికొచ్చాక పైథాన్ చూసుకుంటే చాలు. 1972లో వచ్చిన వీఎం/370 వారసత్వం జెడ్/వీఎం రూపంలో ఇంకా నడుస్తోంది, మీవాడు స్థిరపడేలోపు మాయమైపోదు. టెన్షన్ పడకండి. రెండేళ్లు ఆగి, అప్పుడూ ఏఐ కావాలని వాడే అంటే నాకు వాణ్ణే రాయమనండి.