ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్‌లో సైబర్ సెక్యూరిటీ: అప్పు చేసే ముందు అమ్మాయినీ అడగండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ. హైదరాబాద్‌లో రెండేళ్లుగా ఐటీ సపోర్ట్‌లో చేస్తోంది. అమెరికాలో ఎంఎస్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్, సైబర్ సెక్యూరిటీ స్పెషలైజేషన్‌తో సీటు వచ్చింది. ‘అది మేనేజ్‌మెంట్ కోర్సు, ఉద్యోగం రాదు, కంప్యూటర్ సైన్స్‌కి మార్పించండి’ అని బంధువులంటున్నారు. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షలు తెస్తున్నాం. ఏది మంచిది? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇంటి గురించి రాశారు, లోను గురించి రాశారు, బంధువుల మాటలూ రాశారు. అమ్మాయికి ఏ పని ఇష్టమో ఒక్క ముక్క లేదండీ. ఈ రెండేళ్లలో ఆఫీసులో ఏ పని నచ్చింది, ఏది విసుగనిపించింది అని ఈ రాత్రే అడగండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

బంధువులు చెప్పింది కొంత నిజమే. సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఈ డిగ్రీ ఇంజనీరింగ్ కాలేజీ కింద కాకుండా ఐ-స్కూల్, అంటే ఇన్ఫర్మేషన్ స్కూల్ కింద ఉంటుంది. సెక్యూరిటీ పేరుతో వచ్చేవి చాలాచోట్ల మూడు నాలుగు కోర్సులే, మిగతాదంతా డేటా, ప్రాజెక్టులు, పాలసీ. హ్యాకింగ్ నేర్చుకోవాలని వెళ్తే నిరాశ తప్పదు. ఈ చదువు తీసుకెళ్లేది ఆడిట్, రిస్క్, కంప్లయన్స్ (కంపెనీ నిబంధనలు పాటిస్తోందో లేదో చూడటం), ప్రైవసీ ఉద్యోగాలకి.

ఆ పనిలో ఒక ముక్క చూడండి. యాక్సెస్ రివ్యూ అంటారు, అంటే ఎవరి అకౌంట్ తెరిచి ఉండాలో, ఎవరిది మూయాలో సరిచూడటం. మూడు నెలల్లో ఉద్యోగం మానేసినవాళ్ల జాబితా హెచ్ఆర్ నుంచి, ఇంకా తెరిచి ఉన్న అకౌంట్ల జాబితా సిస్టమ్ నుంచి తెప్పిస్తారు. ఎక్సెల్‌లో ఎంప్లాయీ ఐడీతో రెండూ కలిపి చూస్తారు. పేరుతో కలిపితే ఇద్దరు రమేష్‌లు ఒక్కడైపోతారు. 14న మానేసినతని అకౌంట్ 30న కూడా తెరిచే ఉంటే చివరి లాగిన్ చూడాలి. 14 తర్వాత లాగిన్ ఉంటే ఇన్సిడెంట్‌గా, అంటే భద్రతా ఘటనగా విచారించాలి, లేకపోతే కంట్రోల్ లోపంగా, అంటే అకౌంట్ మూసే పద్ధతిలో లోపంగా రాయాలి. ఆటోమేటిక్ పనుల కోసం పెట్టిన సర్వీస్ అకౌంట్లకు హెచ్ఆర్‌లో మనిషే ఉండడు. కొత్తవాళ్లు అక్కడే తడబడతారు. చివరికి ఆ విభాగం మేనేజర్‌కి కోపం రాకుండా మెయిల్ రాసి సరిచేయించాలి. రెండేళ్లు పాస్‌వర్డ్ రీసెట్లు, యాక్సెస్ టికెట్లు చూసిన పిల్లకి ఇది తెలిసిన నేలే. అదే ఆమెకున్న పెద్ద బలం. ‘సపోర్ట్ జాబే కదా’ అని మీరే తీసిపారేయకండి.

ఇక సైబర్ సెక్యూరిటీ మోజు మీద నాకున్న అనుమానాలు. లక్షల ఖాళీలున్నాయని కన్సల్టెన్సీలు ఊదరగొడతాయి. వాటిలో చాలావరకు అనుభవం అడిగేవే. అందరూ కలవరించే సీఐఎస్ఎస్‌పీ అనే సెక్యూరిటీ సర్టిఫికెట్ సంగతే చూడండి. పరీక్ష పాసైనా సెక్యూరిటీ పనిలో ఐదేళ్ల అనుభవం చూపిస్తేనే ఆ సర్టిఫికెట్ ఇస్తారు, డిగ్రీ ఉంటే ఒక్క ఏడాది తగ్గుతుంది. అమెరికా ప్రభుత్వ, రక్షణ కాంట్రాక్టుల్లో సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు ప్రభుత్వ అనుమతి) అడిగే ఉద్యోగాలు మన పిల్లలకు అందవు, అవి దాదాపుగా అక్కడి పౌరులకే. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల అలాంటివి చాలా. ఉద్యోగాల సంఖ్య చూసి మురిసిపోయే ముందు వాటిని తీసేసి లెక్కపెట్టండి.

డిపాజిట్ కట్టకముందే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద సిప్ కోడ్, అంటే కోర్సు ఏ రంగానిదో చెప్పే నంబరు, ఏం వేస్తారో అడగండి. 11.0401, 11.1003 రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉన్నాయి, వాటికి ఓపీటీ, అంటే చదివాక అక్కడ పని చేయడానికి ఇచ్చే గడువు, మొత్తం 36 నెలలు. స్టెమ్ కాకపోతే 12 నెలలే. కోడ్ 52తో మొదలైతే అది జాబితాలో ఉందో లేదో విడిగా చూసుకోవాలి. అడ్వైజర్‌కి ఇంకో మెయిల్ రాయమనండి: గత రెండు సెమిస్టర్లలో సెక్యూరిటీ ఎలెక్టివ్‌లు ఏవి నిజంగా నడిపారు, ఎన్ని సీట్లు? కేటలాగ్‌లో పేరు ఉండి, సెమిస్టర్‌లో క్లాసు లేకపోవడం మామూలే.

కంప్యూటర్ సైన్స్ మాటకొస్తే, రోజంతా కోడ్ రాయడం ఆమెకు ఇష్టమైతేనే. ఈసీఈ నుంచి వెళ్తే డేటా స్ట్రక్చర్స్ లాంటివి ముందు పూర్తి చేయమంటారు, ఒక్కోసారి దానికే ఒక సెమిస్టర్ ఫీజు అదనంగా పోతుంది.

మీరు రాయని భయం ఒకటుంది: వీసా కలిసిరాక వెనక్కొస్తే పరువేం కాను? ఆ భయం పెట్టుకోకండి. 2022 నుంచి మన దేశంలో సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో కంపెనీలు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి, లాగ్‌లు (సిస్టమ్‌లో ఏం జరిగిందో చూపే రికార్డులు) 180 రోజులు దాచాలి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. వీటిని చదివి అమలు చేయించగలిగేవాళ్లు హైదరాబాద్‌ కంపెనీలకూ కావాలి. తిరిగొచ్చినా చదువు వృథా పోదు.

నన్ను ఆపుతున్నది ఆ 40 లక్షలే. 11 శాతం వడ్డీకి పదేళ్లయితే నెలకు సుమారు 55 వేలు, చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దానిపైన. హైదరాబాద్ జీతంతో ఆమె ఎంత కట్టగలదో అంతవరకే అప్పు చేయండి. సీటు వాయిదా వేయడానికి యూనివర్సిటీ ఒప్పుకుంటే ఈ ఏడాది జీతం దాచి, ఆఫీసులోనే యాక్సెస్ రివ్యూ పని అడిగి చేయమనండి. మీ నిర్ణయం ఏదైనా, ఆ లెక్క కాగితం మీద వేసేటప్పుడు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి.