ఫోనే నిన్ను పిలవాలి

నాన్నా,

ఈ ఉత్తరం ఒక్క గుక్కలో చదవకు. రెండు పేరాలు చదివి పక్కన పెట్టు. కళ్లు లాగితే అసలు చదవొద్దు, ఇదే నా గొంతుతో రికార్డు చేసి పంపాను, పడుకుని విను.

నేను మెట్ల మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకుని పదకొండేళ్లయింది. నీ తలకూ దెబ్బ తగిలి, ఆసుపత్రి నుంచి నువ్వు ఇంటికొచ్చి రెండు నెలలు. మొన్న మీ అమ్మ ఫోన్‌లో ఏదో చూపించబోతే "ఫోన్ వాడటం నాకు ఒకరు నేర్పాలా" అని విసురుగా లేచి వెళ్లిపోయావట. వాడటం నీకు తెలుసులే. సరైన వేళకు గుర్తొచ్చి దాన్ని తెరవడమే కుదరడం లేదు. నాకూ అంతే. మర్చిపోతానని మొదటి ఏడాది మూడు డైరీలు నింపాను. డైరీ ఉందన్న సంగతే గుర్తుండేది కాదు, ఇక తెరిచేదెవరు? మనం వెళ్లి చూసుకోవాల్సినవేవీ మనకు పనికిరావు. అవే మనల్ని పిలవాలి.

ఈ కిటుకు నాకంటే ముందే ఒక తండ్రికి తట్టింది. అమెరికాలో లారీ ట్రెడ్‌గోల్డ్ అనే ఇంజనీరు కొడుకు తలకు గాయమైంది. ఆయన నీల్ హెర్ష్ అనే న్యూరోసైకాలజిస్టుతో (మెదడు దెబ్బతింటే ఆలోచన, జ్ఞాపకం ఎలా మారతాయో చూసే నిపుణుడు) కలిసి న్యూరోపేజ్ అని ఒకటి తయారు చేశాడు. చేయాల్సిన పనులు వేళకు పేజర్‌లో, అంటే సందేశం రాగానే మోగే చిన్న పరికరంలో, మోగేవి, అంతే. తర్వాత బ్రిటన్‌లో బార్బరా విల్సన్ అనే న్యూరోసైకాలజిస్టు బృందం 143 మంది మీద దాన్ని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించింది. చివరిదాకా ఉన్నవాళ్లలో 80 శాతానికి పైగా రోజువారీ పనులు అంతకుముందు కంటే బాగా చేసుకోగలిగారు. పేజరు పని ఇప్పుడు నీ జేబులో ఉన్న ఫోన్ చేస్తుంది.

అయితే అలారం పెట్టడంలోనే ఉంది తిప్పలంతా. ఒకసారి నాలుగింటికి అలారం మోగింది. "ఫోన్ చెయ్యాలి" అని ఉంది. ఎవరికి? ఇప్పటికీ తెలీదు. అలారం పేరు పరాయి మనిషికి చెప్పినట్టు రాయాలి. "మందు" అని కాదు, "నీలం డబ్బాలో మధ్యాహ్నం గడిలోవి వేసుకో, నీళ్ల సీసా పక్కనే ఉంది" అని. ఇంకోటి, మోగగానే ఆపేయకు. ఆపేసి లేచేలోపు ఎవరో పలకరిస్తారు, పని గాలికి పోతుంది. మందు మింగాకే ఆపాలి, అప్పటిదాకా మోగనీ. ఇంట్లోవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ. వేసుకున్నావో లేదో అనుమానం వస్తే గడి ఖాళీగా ఉందో లేదో చూడు. అది తెలియకుండా రెండోసారి మాత్రం వేసుకోకు. అలాగని రోజుకు ఇరవై అలారాలు పెట్టుకోకు. వారంలో చెవి వాటికి అలవాటుపడి ఒక్కటీ వినిపించదు. నాకు ఐదు. అంతకంటే పెరిగితే ఏదో ఒకటి తీసేస్తాను.

ఇక కొత్తది నేర్చుకోవడం. "నొక్కి చూడు, అదే వస్తుంది" అనేవాళ్ల మాట వినకు. జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్లకు తప్పు చేస్తూ నేర్చుకోవడం పొసగదు. తప్పు చేశామన్నది మనసుకు గుర్తుండదు, కానీ చెయ్యి ఆ తప్పునే నేర్చేసుకుంటుంది. 1994లో అలన్ బాడ్లీ అనే మనస్తత్వవేత్త, ఆ బార్బరా విల్సనే కలిసి ఈ సంగతి పరీక్ష చేసి చూపించారు. ఊహించనివ్వకుండా, మొదటి నుంచీ సరైన జవాబే చూపిస్తూ నేర్పితే మతిమరుపు తీవ్రంగా ఉన్నవాళ్లకు ఎక్కువ నిలిచింది. కాబట్టి పక్కన ఒకరు కూర్చుని ప్రతి మెట్టూ చెప్పాలి, నువ్వు నొక్కాలి. రోజూ అదే దారి, అదే వరస. దగ్గరి దారి ఇంకోటి ఉందని ఎవరైనా చూపిస్తే వద్దను. మెల్లగా చివరి మెట్టు వాళ్లు చెప్పడం మానేస్తారు, తర్వాత దాని ముందుది. మెట్లు ఒక కార్డు మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టు.

ఇదంతా చేశాక మా మనవడు సాయం చేద్దామని నా ఫోన్‌లో ఐకాన్లన్నీ అందంగా సర్దాడు. మూడు రోజులు ఆ ఫోన్ నాది కాకుండా పోయింది. వాడికి మంచి ఉద్దేశమే, తిట్టలేకపోయాను. నీ ఫోన్ మొదటి తెరను ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో ముందే చెప్పు. అందులో ఐదారు ఐకాన్ల కంటే ఎక్కువ ఉంచకు. అప్‌డేట్లు వాటంతటవే కాకుండా సెట్టింగ్స్‌లో ఆపించి, ఎవరైనా పక్కన ఉన్న రోజున చేయించుకో. పూర్తిగా మానేయకు, భద్రతకు అవి కావాలి.

నీకు ఎడమవైపు ఉన్నవి తప్పిపోతున్నాయని మీ అమ్మ చెప్పింది. ఫోన్ ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించు. ఎరుపు కనబడేదాకా చూపు తిప్పాలని థెరపిస్టు కూడా చెబుతారు, అడిగి చూడు.

అలసట గురించి ఒక మాట. మెదడుకు గాయమయ్యాక తెర చూడటం కూడా ఒళ్లు అలిసే పనే. వెలుతురు తగ్గించు, కదిలే బొమ్మలు ఆపే సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టించు. గ్రూపు మెసేజీల శబ్దం ఆపెయ్. చుట్టాలేమనుకుంటారో అని టెన్షన్ పడకు. టైపు చేయడం కష్టమైతే మాట్లాడి రాయించు. తలనొప్పి మొదలయ్యాక ఆపడం ఆలస్యమే, ముందే పది నిమిషాలకు టైమర్ పెట్టుకో. ఒకటే వస్తువు రెండుగా కనబడినా, ఫిట్స్ వచ్చినా డాక్టర్‌కు చెప్పాల్సిందే.

పొయ్యి విషయంలో ఫోన్‌ను నమ్మకు. విడిగా ఒక వంటింటి టైమర్ ఉంచుకుని, అది చేత్తో పట్టుకునే వంటింటి బయటికి రావాలి.

డబ్బు సంగతి చెబితే నీకు నచ్చదు, అయినా చెబుతాను. దెబ్బ తర్వాత కొన్నాళ్లు నేను ఎవరేం అడిగినా వెంటనే సరే అనేదాన్ని. "ఇప్పుడే చేయకపోతే మీ ఖాతా ఆగిపోతుంది" అన్న గొంతుకు ఓటీపీ కూడా చెప్పేశాను. మరుసటి రోజు దాకా ఎవరికీ చెప్పలేకపోయాను, సిగ్గేసింది. రోజుకు ఖర్చయ్యే డబ్బుకు పరిమితి పెట్టించు. తొందరపెట్టే ఫోన్ ఏదైనా సరే పెట్టేసి మీ అమ్మతో మాట్లాడు. అలాగే నువ్వెక్కడున్నావో ఇంట్లోవాళ్లకు ఫోన్‌లో కనబడేలా పెట్టాలంటే నిన్ను అడిగే పెట్టాలి. నేనొస్తే ఆ మాట వాళ్లకు నేనే చెబుతాను.

ఇన్ని చెప్పాను కదా అని ఇవన్నీ ఈ వారమే మొదలుపెట్టకు. మధ్యాహ్నం మందుకు ఒక్క అలారం, అంతే. ఆదివారం పొద్దున పదింటికి ఇంకోటి పెట్టించు, దాని పేరు "పెద్దమ్మకు ఫోన్, మందు అలారం మోగిందో లేదో చెప్పాలి". నేనూ నా ఫోన్‌లో పెట్టుకున్నాను, లేకపోతే నువ్వెందుకు చేశావో నాకు గుర్తుండదు.

మీ పెద్దమ్మ