రెండు గేదెలకు పది సెంట్ల పచ్చిగడ్డి

ప్రశ్న: మాకు రెండు పాడి గేదెలు, బోరు పక్కన 10 సెంట్ల నేల ఉన్నాయి. కో-4 గడ్డి ఎలా నాటాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇది సజ్జనీ నేపియర్ గడ్డినీ కలిపి కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన రకం. గింజతో పెరగదమ్మా. ముదిరిన కాండాన్ని రెండు కణుపుల ముక్కలుగా కోసి, ఒక కణుపు మట్టిలో ఉండేలా బోదె పక్కన రెండడుగుల ఎడంతో నాటండి. నీళ్లు నిలిస్తే ముక్కలు కుళ్లిపోతాయి. నా మొదటి మడి అలాగే పోయింది, ఆ ఏడాదంతా గడ్డి కొనుక్కున్నాను. మొదటి కోత 75-80 రోజులకు, తర్వాత 45 రోజులకోసారి, నేలకు బెత్తెడు పైన కోయండి. ఆలస్యమైతే కాండం గట్టిపడి గేదెలు వదిలేస్తాయి. కోసిన ప్రతిసారీ పశువుల ఎరువు వేసి తడి పెట్టండి. ఇదొక్కటే మేపకుండా కాస్త అలసంద మేత కూడా కలపండి.