పైనుంచి వచ్చిన నీరా, పైవాళ్లు వదిలిన నీరా?

ప్రశ్న: మా ఇల్లు, రెండెకరాల స్థలం గుట్ట కింద ఉన్నాయి. మూడేళ్ల కిందట గుట్ట మీద చెట్లు కొట్టేసి, నేల చదును చేసి వెంచర్ వేశారు. రోడ్ల మీది నీళ్లన్నీ కలిపి ఒక పైపులోంచి మా హద్దు దగ్గర వదిలారు. అప్పటినుంచి వాన పడితే చాలు, ఎర్రమట్టి నీళ్లు మా మీదికే. ప్రతి వాన తర్వాతా ట్రాక్టర్ పెట్టి మట్టి ఎత్తిస్తూనే ఉన్నాం. మొదటి వానాకాలంలోనే ప్రహరీ కూలింది. ఇప్పటికి రెండేళ్ల తొమ్మిది నెలలయింది. నాన్నగారు తవ్వించిన బావి పూడిపోయింది. అమ్మ పోయేముందు ఆ బావిని చూసి ఏడ్చింది. కింద ఊరి చెరువులోకీ ఇదే మట్టి పోతోంది. ఎందరికి ఫోన్ చేసినా పట్టించుకోలేదు. పైపు మూతికి అడ్డంగా కట్ట పోద్దామని మా అబ్బాయి అంటున్నాడు. వెంచర్ వాళ్లు మాత్రం కొంత డబ్బు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. న్యాయం మా వైపు లేదా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది: రోడ్ల నీళ్లన్నీ కలిపి పైపులోంచి మీ హద్దు దగ్గర వదలడం. మీరు దావా కట్టుకోవాల్సింది దాని మీదే.

నీరు పల్లమెరుగునన్న సంగతి చట్టానికీ తెలుసు. ఒకరి భూమి మీద పొరుగువాళ్లకుండే హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్ ఉదాహరణల్లోనే ఆ మాట ఉంది. ఎగువ భూమిలో పడి, కాలువంటూ లేకుండా సహజంగా కిందికి పారే నీటిని దిగువ భూమి యజమాని పారనివ్వాల్సిందే. కాబట్టి ‘గుట్ట నీళ్లు మా స్థలంలోకి వస్తున్నాయి’ అని మాత్రమే రాసి దావా వేస్తే, అవతలి లాయరు ఈ సెక్షన్ చదివి కూర్చుంటాడు. మీరు రుజువు చేయాల్సింది వేరే. వెంచర్ పనుల వల్ల నీటి పరిమాణం, వేగం, దారి మారాయని, నీటితోపాటు వాళ్ల మట్టి మీ స్థలంలోకి వచ్చిందని చూపించాలి. సహజంగా వచ్చే నీటిని మీరు భరించాలి. పోగుచేసి మీ మీదికి వదిలిన నీటిని భరించక్కర్లేదు. లేఅవుట్‌కు అనుమతి ఉందన్నది దీనికి సమాధానం కాదు. పొరుగువాడి భూమిని పాడుచేయమని ఏ అనుమతిలోనూ రాయరు.

ఎకరం మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2 లక్షల లీటర్ల నీరు. గడ్డి, పొదలు ఉన్న నేలలో చాలామటుకు ఇంకిపోతుంది, మిగిలింది పలచగా పరుచుకుని నిదానంగా దిగుతుంది. తారు రోడ్డు, సిమెంటు కప్పుల మీద పడిందైతే దాదాపు అంతా నిమిషాల్లో పైపు మూతికి చేరుతుంది. ఇందులో మీరు గమనించాల్సింది ఒకటుంది. నేల గీకి వదిలేసినంతకాలం నీళ్లతో మట్టి వస్తుంది. ప్లాట్లు ఇళ్లతో నిండేకొద్దీ మట్టి తగ్గుతుంది, నీరు తేటపడుతుంది, కానీ నీరు పెరుగుతుంది. మట్టి మోయని ఆ నీరు మీ స్థలాన్నే కోయడం మొదలుపెడుతుంది. ఇవాళ మేట వేసిన చోటే రేపు గండి పడవచ్చు. ‘ఇళ్లు పూర్తయితే అంతా సర్దుకుంటుంది’ అని వాళ్లు చెబితే నమ్మి ఆగిపోకండి. జడ్జికి కళ్లకు కట్టేలా చూపించగల సాక్ష్యం ఆ మట్టే. అది ఎల్లకాలం ఉండదు.

ఇక కాలపరిమితి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు టెన్షన్ పుట్టింది ఇక్కడే. పైపు అక్కడే ఉండి, ప్రతి వానకూ నీళ్లు పడుతున్నంతకాలం అది కొనసాగుతున్న తప్పు. 1963 కాలపరిమితి చట్టం 22వ సెక్షన్ ప్రకారం గడువు ఎప్పటికప్పుడు కొత్తగా మొదలవుతుంది. కాబట్టి పైపు ఆపించే దావాకు ఇబ్బంది లేదు. ప్రహరీ సంగతి అలా కాదు. అది ఒక రోజున కూలింది, అక్కడితో ఆ నష్టం పూర్తయింది. తప్పు కొనసాగడం వేరు, జరిగిపోయిన తప్పు ఫలితం మిగిలి ఉండడం వేరని సుప్రీంకోర్టు 1959లోనే బాలకృష్ణ సావల్‌రామ్ పూజారి కేసులో చెప్పింది. గోడ నష్టపరిహారానికి మూడేళ్లే గడువు. మీకు మిగిలింది మూడు నెలలు.

ఇన్నాళ్లు మీరు చేసిందేమిటి? ఫోన్లు. ఒక్క అర్జీ రాతపూర్వకంగా ఇచ్చినట్టు ఉత్తరంలో లేదు. ఫోన్ చేశానంటే కోర్టు రికార్డు ఎక్కడుందని అడుగుతుంది. అంతకంటే ఘోరం, ప్రతి వాన తర్వాతా ట్రాక్టర్ పెట్టి మట్టి ఎత్తించామని గొప్పగా రాశారు. మీ సాక్ష్యాన్ని మీరే డబ్బులిచ్చి బయట పారబోయించారు! కనీసం ఆ ట్రాక్టర్ కిరాయి రసీదులైనా ఉన్నాయేమో వెతకండి.

ఇకమీదట హద్దు దగ్గర కొంత మేర మేటను ముట్టుకోకండి. అక్కడ నిలువుగా చిన్న గొయ్యి తీసి చూడండి. ముతక ఎర్ర ఇసుక, దాని మీద సన్నటి బంకమట్టి, మళ్లీ ఎర్ర ఇసుక... ఇలా పొరలు కనబడితే పెద్ద వానలు ఒక్కొక్కటీ వదిలివెళ్లిన గుర్తులవి. అన్నిటికీ అడుగున మీ పాత నేల ఉంటుంది. గొయ్యి పక్కన కొలబద్ద నిలబెట్టి ఫొటోలు తీయండి. వాన పడుతుండగా పైపు మూతి వీడియో తీయండి, ఆ ఫోన్ పారేయకండి. ఆ వీడియో కాపీని కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. మండల వర్షపాత రికార్డు తీసుకోండి. ‘అది కనీవినీ ఎరుగని వాన, దైవఘటన’ అని వాళ్లు వాదించినప్పుడు, మామూలు వానకే మట్టి దిగిందని ఆ అంకెలతో చూపవచ్చు. పాత ఉపగ్రహ చిత్రాలు వెంచర్‌కు ముందు గుట్ట ఎలా ఉందో చెబుతాయి. ఆమోదించిన లేఅవుట్ ప్లాను, డ్రైనేజీ ప్లాను సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ప్లానులో ఆ పైపు మీ హద్దు దగ్గర ముగియడం లేదని తేలితే మీ కేసు సగం గెలిచినట్టే.

కట్ట మాట ఎత్తవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. సహజంగా రావాల్సిన నీటికి కూడా అడ్డం పడ్డారంటే మీరే ప్రతివాదులవుతారు. ఆ నీళ్లు ఎగదన్ని పైవాళ్ల ఇళ్లలోకో, పక్కవాళ్ల స్థలంలోకో పోతే, తెలిసి ముంపు కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడే కేసు పెట్టవచ్చు. వాళ్లు ఎదురుచూస్తున్నది అలాంటి తప్పుకోసమే. సంతకం పెట్టమంటున్న కాగితం కూడా అంతే ప్రమాదం. ‘ఇకపై అభ్యంతరం లేదు’ అన్న ఒక్క వాక్యం అందులో ఉంటే, పైపు నీటికి మీరే హక్కు రాసిచ్చినట్టు. అడ్డు చెప్పకుండా 20 ఏళ్లు ఊరుకుంటే సంతకం లేకపోయినా ఆ హక్కు వాళ్లకు రావచ్చు.

మీరు వేయాల్సింది సివిల్ కోర్టులో ఒకే దావా. పైపు దారి మళ్లించాలని, మట్టి పేరుకునే గుంట, నీరు నిలిచే చెరువులాంటిది వాళ్ల స్థలంలోనే కట్టాలని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 39వ సెక్షన్ కింద ఆదేశం కోరండి. నష్టపరిహారం కూడా అదే దావాలో అడగాలి. తర్వాత చూద్దామనుకుంటే, ఈ దావా కొట్టేసిన పక్షంలో అదే చట్టం 40వ సెక్షన్ అడ్డొస్తుంది. దావాతోపాటే తాత్కాలిక ఇంజంక్షన్‌కూ (కేసు తేలేదాకా ఆపమనే ఉత్తర్వు), అడ్వకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే లాయరు) పంపమనీ దరఖాస్తులు పెట్టండి. కమిషనర్ మీ కోసం సాక్ష్యం పోగుచేసే మనిషి కాదు. ఉన్నదాన్ని చూసి రాస్తారు, అంతే. మున్సిపాలిటీని కూడా ప్రతివాదిగా చేర్చాలంటే ముందస్తు నోటీసు వ్యవధి లెక్క చూసుకోవాలి. ఆ నోటీసు కోసం గోడ గడువు పోగొట్టుకోకండి.

చెరువు సంగతికి పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దారి వేరే ఉంది. అక్కడ పర్యావరణ వివాదానికి ఆరు నెలలే గడువు, అదీ మొదటిసారి కారణం పుట్టిన రోజునుంచి. అది మీకు దాటిపోయింది. పరిహారం, పునరుద్ధరణ కోరడానికి ఆ ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద ఐదేళ్లు ఉంది. ఊరివాళ్లు కలిసి వస్తే అది వాడుకోండి. వెంచర్‌లో కట్టడాల విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి ఉండాలి. ఆ అనుమతి షరతుల కాపీ కూడా సంపాదించండి.

ముందు గోడ కూలిన తేదీని ఒక కాగితం మీద రాసి, ఆ రోజు చూసినవాళ్ల పేర్లు దాని కింద రాయండి. ఆ కాగితం పట్టుకుని ఈ వారంలోనే మీ కోర్టు పరిధిలోని సివిల్ లాయరును కలవండి.