పిల్లల మెనూ చేతికిస్తే ముందు ఏం చూడాలి?

"అక్కడ హోటల్లో కూర్చోగానే పిల్లలకి వేరే మెనూ, రంగు పెన్సిళ్ళు ఇస్తారంట కదా అక్కా, అందులో ఏది ఇప్పిస్తే మంచిది?" సంక్రాంతికి నేను పాలకొల్లు వచ్చినప్పుడల్లా అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్న వాళ్ళు ఎవరో ఒకరు ఈ మాట అడుగుతుంటారు. ఇల్లు, స్కూలు, ఇన్సూరెన్సు గురించి పది ప్రశ్నలు వేశాక, లేచి వెళ్ళిపోతూ అడిగే ప్రశ్న ఇది. నన్నడిగితే దీన్ని ముందే అడగాలి. వెళ్ళిన మొదటి ఏడాదిలో మన పిల్లల తిండి అలవాట్లు మారిపోవడం చాలా ఇళ్ళల్లో ఆ మెనూ కాగితం దగ్గరే మొదలవుతుంది.

పిల్లల మెనూ అన్నారు కదా అని, పిల్లల ఒంటికి ఏది మంచిదో ఆలోచించి రాశారనుకోకండి. మారాం చెయ్యకుండా తినేవి, వంటింట్లో చకచకా అయిపోయేవి, తక్కువ ధరకి ఇవ్వగలిగేవి అందులో ఉంటాయి. ఏ ఊరు వెళ్ళినా ఇంచుమించు అవే పేర్లు: చికెన్ టెండర్స్ (పిండి పట్టించి వేయించిన చికెన్ ముక్కలు), మాక్ అండ్ చీజ్ (చీజులో కలిపిన పాస్తా), గ్రిల్డ్ చీజ్ (చీజు పెట్టి కాల్చిన బ్రెడ్డు), కెసడియా (చీజు పెట్టి మడిచి కాల్చిన రొట్టె), చిన్న పిజ్జా, కార్న్ డాగ్ (పిండిలో ముంచి వేయించిన మాంసం సాసేజ్). పక్కన ఫ్రైస్, అంటే వేయించిన బంగాళాదుంప ముక్కలు. మైదా, చీజ్, నూనెలో వేగినవి పక్కన పెడితే చాలా మెనూల్లో మిగిలేది బహు తక్కువ. గొడ్డు మాంసం, పంది మాంసం తినని వాళ్ళయితే హాట్ డాగ్ (బన్నులో పెట్టే సాసేజ్), కార్న్ డాగ్, మీట్‌బాల్స్, పిజ్జా మీద వేసే పెప్పరోనీ దేనితో చేశారో అడిగాకే ఇప్పించండి.

అమెరికాలో 20, అంతకన్నా ఎక్కువ బ్రాంచీలున్న చైన్ హోటళ్ళు మెనూలోనే క్యాలరీలు వెయ్యాలి. 2010లో వచ్చిన ఆరోగ్య చట్టంలో ఈ రూలు పెట్టారు, 2018 మే 7 నుంచి అమల్లో ఉంది. ఆ అంకెలు చదవడంలోనే చాలామంది పొరబడతారు. పిల్లల మీల్ పక్కన తరచుగా ఒక అంకె ఉండదు, 350-800 అన్నట్టు రెండు అంకెలు ఉంటాయి. తక్కువ అంకె ఆపిల్ ముక్కలు, మంచినీళ్ళు తీసుకుంటే వచ్చేది. ఎక్కువ అంకె ఫ్రైస్, తీపి డ్రింకు తీసుకుంటే వచ్చేది. మన కళ్ళు మొదటి అంకె దగ్గర ఆగిపోతాయి. ఏమీ మాట్లాడకుండా ఆర్డర్ ఇస్తే మాత్రం టేబుల్ మీదకి వచ్చేది చాలాసార్లు రెండో అంకెకి దగ్గరగా ఉంటుంది.

ఆ 800 ఎక్కువా తక్కువా ఎలా తెలుస్తుంది? మెనూ అడుగున రోజుకి 2,000 క్యాలరీలు అని ఒక వాక్యం ఉంటుంది. అది పెద్దవాళ్ళ లెక్క. పిల్లల మెనూ మీద దాని బదులు 4 నుంచి 8 ఏళ్ళ వాళ్ళకి 1,200-1,400 అని, 9 నుంచి 13 ఏళ్ళ వాళ్ళకి 1,400-2,000 అని వేసుకోవచ్చని అదే రూలు చెప్తుంది. అంటే ఐదేళ్ళ పిల్ల ఒక్క పూటలో 800 తింటే రోజు తిండిలో సగం దాటిపోయింది. ఇంకా రెండు పూటలు మిగిలే ఉన్నాయి.

క్యాలరీల కన్నా నాకు ఎక్కువ టెన్షన్ ఉప్పుతోనే. అది మెనూలో కనబడదు. కానీ అడిగితే ఆ చైన్ హోటళ్ళు ఉప్పు, చక్కెర, కొవ్వు లెక్కలు రాతపూర్వకంగా చూపించాలి, చాలా వాటి వెబ్‌సైట్లలోనూ ఉంటాయి. ఉప్పు లెక్క సోడియం అనే పేరుతో ఉంటుంది, అక్కడ చూడండి. ఒకటి నుంచి మూడేళ్ళ వాళ్ళకి రోజు మొత్తానికి 1,200 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి 1,500 దాటకూడదని అమెరికా ప్రభుత్వ ఆహార సూచనలు చెప్పాయి. ఒక టీ స్పూను ఉప్పులో ఉండే సోడియమే దాదాపు 2,300. మన ఇళ్ళల్లో ఉప్పు తక్కువని నేననను. ఆవకాయ, ఎండు చేపలు తినేవాళ్ళమే. కాకపోతే మన వంటలో ఉప్పు నోటికి తెలుస్తుంది, పిల్లలకి కలిపే ముద్దలో తగ్గించి కలుపుతాం. అక్కడ చీజులో, బ్రెడ్డులో, టెండర్స్ మీది పిండిలో, పక్కన పెట్టే రాంచ్ అనే సాసు గిన్నెలో కలిసిపోయి ఉంటుంది. పిల్లలకి ఉప్పగా ఉందని అనిపించదు. కెచప్ కూడా అంతే, పైగా ఒక టేబుల్ స్పూనులో ఇంచుమించు నాలుగు గ్రాముల చక్కెర.

డ్రింకు విషయంలో మాత్రం మొహమాటపడకండి. 12 ఔన్సుల (దాదాపు 355 మిల్లీలీటర్ల) కోకులో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. రెండేళ్ళు దాటిన పిల్లలకి రోజుకి 25 గ్రాముల లోపే అదనపు చక్కెర ఉండాలని, రెండేళ్ళలోపు వాళ్ళకి అసలే వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా. పైగా చాలాచోట్ల గ్లాసు ఖాళీ అయితే ఉచితంగా మళ్ళీ నింపుతారు. జ్యూసు మంచిదేగా అనుకుంటాం. నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి అచ్చమైన పళ్ళరసమైనా రోజుకి నాలుగు నుంచి ఆరు ఔన్సులు చాలని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2017లో చెప్పింది. ఏడాదిలోపు వాళ్ళకి అసలు వద్దంది. కాలిఫోర్నియాలో 2019 నుంచి పిల్లల మీల్‌తో మామూలుగా ఇచ్చేది నీళ్ళో, తీపి కలపని పాలో అయి ఉండాలని చట్టం ఉంది. అక్కడా సోడా అడిగితే ఇస్తారు. అడగకుండా ఉండాల్సింది మనమే.

పిల్లల మెనూలకి మార్కులు వెయ్యడానికి పరిశోధకులు ఒక పద్ధతే తయారు చేశారు. దాని పేరు చిల్డ్రన్స్ మెనూ అసెస్‌మెంట్, 2011లో ప్రచురించారు. మీకు అంత లెక్క అక్కర్లేదు. వేయించని కూరగాయ ఒక్కటైనా ఉందా, పండు ఉందా, ఫ్రైస్ మార్చుకోవచ్చా, డ్రింకుల్లో నీళ్ళు, పాలు రాశారా, ఇవి చూస్తే ఆ హోటల్ సంగతి తెలిసిపోతుంది. బొమ్మ ఇస్తున్నారని హోటల్ ఎంచుకోవద్దు.

మన ఇండియన్ రెస్టారెంట్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎక్కువ వాటికి 20 బ్రాంచీలు ఉండవు, అందుకని అంకెలూ ఉండవు. మనవాళ్ళ హోటలే కదా అని మామిడి లస్సీ, చికెన్ 65, గోబీ మంచూరియా, చీజ్ దోసె తెప్పించేస్తాం. అదే చోట ఇడ్లీ, సాదా దోసె, పప్పు, పెరుగన్నం కూడా దొరుకుతాయి. కారం తగ్గించమంటే తగ్గిస్తారు.

ఇంత చెప్పాక నా అసలు సలహా: వీలైనంత వరకు పిల్లల మెనూ తెరవకండి. పెద్దవాళ్ళ పేజీలో కాల్చిన చేప, గ్రిల్డ్ చికెన్, అన్నం, బ్లాక్ బీన్స్, ఉడికించిన బ్రాకలీ ఉంటాయి. ఒక ప్లేటు తెప్పించి, ఇంకో ఖాళీ ప్లేటు అడిగి పంచుకోండి. అక్కడ ప్లేటు పెద్దదే వస్తుంది, మిగిలితే బాక్సులో కట్టిస్తారు. మన వైపు పిల్లలు ఎప్పుడూ పెద్దవాళ్ళ కంచంలోదే తిని పెరిగారు కదా. కొరమీను పులుసులో ముల్లు తీసి పెడితే ఇష్టంగా తిన్న పిల్ల, కొన్నేళ్ళ తర్వాత సెలవులకి వచ్చి చేప వాసన పడదంటే, అమ్మమ్మ ఏం పెట్టాలో తెలియక కంగారు పడుతుంది. అలాంటి ఇళ్ళు మన కోనసీమలో, డెల్టా ఊళ్ళలో నాకు చాలానే తెలుసు. ఆ పిల్లల తప్పు ఏమీ లేదు. రోజూ ఏ రుచి చూపిస్తే నాలుక దానికే అలవాటు పడుతుంది.

మాట్లాడడానికి బెరుకనిపిస్తే ఈ ఒక్క వాక్యం ఇంట్లో అలవాటు చేసుకోండి: "కెన్ వుయ్ గెట్ ఫ్రూట్ ఇన్‌స్టెడ్ ఆఫ్ ఫ్రైస్, అండ్ వాటర్ ఫర్ ద కిడ్స్ ప్లీజ్?" రోజుకి వందమంది అడిగే మాటే అది, ఎవరూ తప్పుగా చూడరు. అంకెలు చదవడం అయితే ఇక్కడ ఉండగానే మొదలుపెట్టొచ్చు. పది, అంతకన్నా ఎక్కువ బ్రాంచీలున్న రెస్టారెంట్లు క్యాలరీలు చూపించాలని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు కూడా 2022 జులై నుంచి అమల్లో ఉంది. రాజమండ్రిలోనో భీమవరంలోనో చైన్ పిజ్జా షాపుకి వెళ్ళినప్పుడు పిల్లల్నే చదవమనండి.

వారాంతాల్లో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి భోజనానికి వెళ్ళినప్పుడు ఇదంతా గాలికి పోతుంది. పెద్దవాళ్ళు ప్రశాంతంగా మాట్లాడుకోవాలని పిల్లలందరికీ ముందే నగెట్స్ (వేయించిన చిన్న చికెన్ ముక్కలు) తెప్పించేస్తారు. మీ పిల్లాడికి ఒక్కడికే వద్దంటే వాడు ఏడుస్తాడు, అనకండి. ఆ ఒక్క పూట తిననివ్వండి. బల్ల మధ్యలో పళ్ళ ప్లేటు ఒకటి, నీళ్ళ జగ్గు ఒకటి అందరికీ కలిపి మీరే ఆర్డర్ ఇవ్వండి. మూడు నాలుగేళ్ళ చిన్నవాళ్ళు ఉంటే ద్రాక్షపళ్ళు నిలువుగా చీల్చి పెట్టండి, హాట్ డాగ్ గుండ్రటి ముక్కలుగా ఇవ్వకండి. గుండ్రంగా ఇస్తే ఆ రెండూ గొంతుకి అడ్డం పడతాయి.