రెండో ల్యాప్ గురించి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ ఆత్మకథ నాలుగు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇలాంటి రాతప్రతికి ఏదో రెండు ముక్కలు రాసి పంపడం నాకు చేతకాదు.

పద్నాలుగేళ్లప్పుడు కోచ్ వల్ల జరిగినది, పంతొమ్మిదేళ్లకు మోకాలి ఆపరేషన్, ఆ తర్వాత నొప్పి మాత్రలు, అవి దొరకనప్పుడు మందు. వీటిలో ఒక్కటి నోరు తెరిచి చెప్పడానికే మనుషులకు ఏళ్లు పడుతుంది. నువ్వు అన్నీ కాగితం మీద పెట్టావు. అందుకు నిన్ను మెచ్చుకుని ఊరుకుంటే నీకు అన్యాయం చేసినదాన్నవుతాను. నువ్వు అడిగింది ఇది పుస్తకంగా నిలుస్తుందా అని. నిలుస్తుంది. కాకపోతే చాలా మార్చాలి.

మూడో అధ్యాయంలో ఒకచోట ఇలా రాశావు: "రెండేళ్లు చీకట్లో గడిపాను. అయినా పట్టుదల వదల్లేదు." దాని పక్కన గీత గీశాను. ఆ రెండేళ్లలో ఏం జరిగిందో ఆ మాటలు నాకు చెప్పలేదు. కానీ రాతప్రతితో పాటు నాకు విడిగా రాసిన ఉత్తరంలో, మాటల మధ్యలో ఒక సంగతి చెప్పావు. మాత్రల డబ్బాను స్పైక్స్, అదే పరుగు బూట్లు, పెట్టుకునే బ్యాగ్‌లో దాచేదానివి. నడుస్తుంటే గలగలమని చప్పుడవుతుందేమో, పక్కవాళ్లు వింటారేమో అని దాన్ని పాత సాక్స్‌లో చుట్టి, పైన రబ్బర్ బ్యాండ్ వేసేదానివి. వార్మప్ చేస్తున్నంతసేపూ నీ చెవి ట్రాక్ పక్కన పెట్టిన ఆ బ్యాగ్ మీదే ఉండేది. అది చదివి కాసేపు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. నీ భయం, నీ సిగ్గు, అలవాటు ఎంత ముదిరిపోయిందన్నది, అన్నీ ఆ సాక్స్‌లో చుట్టి ఉన్నాయి. అది నాకు రాసిన ఉత్తరంలోనే ఎందుకు ఉండిపోయింది, పుస్తకంలోకి ఎందుకు రాలేదు? ఉత్తరం రాసేటప్పుడు నువ్వు నాతో మాట్లాడావు. పుస్తకం రాసేటప్పుడు వేదిక ఎక్కావు. అక్కడి నుంచి దిగి రాయి.

ఇక పట్టుదల. ఆ మాట నాలుగు అధ్యాయాల్లో ముప్ఫై ఒక్కసారి వచ్చింది, లెక్కపెట్టాను. నా అభ్యంతరం ఎక్కువసార్లు వచ్చినందుకు కాదు. అది నీకు ఎవరు నేర్పారో, ఏమని నేర్పారో ఒకసారి గుర్తు తెచ్చుకో. నొప్పిని ఓర్చుకో, బయటికి చెప్పకు, కోచ్ మాట దాటకు, ఇంకో రౌండ్ పరుగెత్తు. ఆటల్లో ఉన్న పిల్లలకు చిన్నప్పుడే వంటబట్టేది ఇదే. పతకాలు తెచ్చిపెట్టేదీ ఇదే. మరి పద్నాలుగేళ్లప్పుడు నువ్వు ఎవరికీ చెప్పకుండా లోలోపల దాచుకున్నది ఏ బలంతో? ఆపరేషన్ అయిన మోకాలితో, మాత్ర వేసుకుని మరీ ట్రాక్ ఎక్కింది ఏ బలంతో? ఇంట్లోవాళ్లకు, తోటివాళ్లకు అనుమానం రాకుండా ఏళ్ల తరబడి అలవాటును నడిపించుకోవడానికి ఎంత క్రమశిక్షణ కావాలో నీకంటే ఎవరికి తెలుసు? నిన్ను గెలిపించిన గుణమే నిన్ను ముంచింది. నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి అదే గుణం చెయ్యి పట్టుకుని ఒడ్డుకు చేర్చిందని రాశావు. నేను నమ్మలేకపోయాను.

ఒడ్డుకు చేర్చింది ఏమిటో కూడా నువ్వే రాశావు, కాకపోతే రెండు లైన్లలో దాటేశావు. ఒక రాత్రి ఫిజియోకి ఫోన్ చేసి "నావల్ల కావట్లేదక్కా" అన్నావు. ఊహ తెలిసినప్పటి నుంచి మొదటిసారి ఓర్చుకోవడం మానేశావు. నా దృష్టిలో ఈ పుస్తకానికి గుండెకాయ ఆ ఫోన్. ఎంతసేపు నంబర్ చూస్తూ కూర్చున్నావు? రింగ్ అవుతుండగా ఎన్నిసార్లు కట్ చేశావు? ఆవిడ మొదట ఏమంది? ఏమీ అనకుండా ఉండిపోయిందా? ఆ పది నిమిషాలకు పది పేజీలు పట్టినా పరవాలేదు. అందుకు పతకాల జాబితా నుంచి చోటు తీసుకో, అక్కడ బోలెడంత ఉంది.

మందు మానేసిన ఘట్టం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. సీసా విసిరేసి మర్నాడు పొద్దున్నే పరుగుకు వెళ్లానని రాశావు. ఉత్తరంలో మాత్రం చేతులు వణికాయని, వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నానని ఉంది. ఈ రెండింట్లో పుస్తకంలోకి రావలసింది ఆసుపత్రి. ఏళ్ల తరబడి బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు వణకడంతో ఆగదు. ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనపడవచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టర్ల పర్యవేక్షణలో ఆపమనేది అందుకే. నీ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని, రేపు పొద్దున నేనూ అలాగే ఆపేస్తాను అనుకునే మనిషి ఒకరుంటారు. వాళ్లు తలుపేసుకుని ఒంటరిగా ఆ పని చేస్తే? అందంగా ఉంటుందని నువ్వు రాసిన ఒక్క వాక్యం వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. అలాగే ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎలా సంపాదించావు అన్న వివరాలు తీసేయి. అవి చదివేవాళ్లకు నీ బాధను చెప్పవు, దారి మాత్రం చూపిస్తాయి.

ఎనిమిది నెలలు మానేశాక మళ్లీ జారిపోయిన సంగతి కూడా పుస్తకంలో లేదు. పుస్తకం చదివి జనం ఏమనుకుంటారోనన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయినా అది లేకపోతే పుస్తకం అబద్ధమైపోతుంది. వ్యసనాలపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నైడా లెక్క ప్రకారం, చికిత్స తీసుకున్నవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలుపెడతారు. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టడం కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుందని అదే సంస్థ పోల్చి చెప్పింది. అంటే సగానికి సగం మంది నడిచే దారి అది. మత్తునిచ్చే ఆ నొప్పి మాత్రల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, తప్పకుండా రాయాల్సింది. కొన్నాళ్లు మానేసిన ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. ఇదివరకు వేసుకున్నంతే మళ్లీ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చాలామంది పోయేది అప్పుడే. నువ్వు బతికి బయటపడ్డావు. ఎలా బతికావో చెప్పు, ఆ రాత్రి పక్కన ఎవరున్నారో చెప్పు.

నువ్వు 800 మీటర్లు, అంటే ట్రాక్ చుట్టూ రెండు ల్యాపులు, పరుగెత్తినదానివి కాబట్టి ఇది నీకు చెప్పనక్కర్లేదు, అయినా చెప్తాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో డేవిడ్ రుడీషా 1 నిమిషం 40.91 సెకన్లలో పరుగు పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టాడు. అందులో మొదటి ల్యాప్ 49.28 సెకన్లు. రెండోది లెక్కేస్తే 51.63. రికార్డు పెట్టిన పరుగులో కూడా రెండో ల్యాప్‌లో వేగం తగ్గింది. చూసేవాళ్లకు ఆఖరి వంద మీటర్లలో ఎవరో దూసుకొచ్చినట్టు కనిపిస్తుంది గానీ, చాలాసార్లు అందరూ నెమ్మదిస్తుంటే ఆ మనిషి కాస్త తక్కువగా నెమ్మదిస్తారు, అంతే. ఈ రహస్యం ట్రాక్ మీద నీ కాళ్లకు తెలుసు. నాలుగో అధ్యాయాన్ని మాత్రం గ్యాలరీలో కూర్చున్నవాళ్లు చూసినట్టు రాశావు, ఆఖర్లో దూసుకొచ్చినట్టు. దాన్ని కాళ్లు చెప్పినట్టు రాయి. ఆఖరి ల్యాప్ బెల్ మోగాక ఒళ్లు బరువెక్కడం, ఊపిరి చాలకపోవడం, పక్కన ఎవరున్నారో చూసే ఓపిక కూడా లేకపోవడం. మత్తు మానేశాక నువ్వు గడిపిన మామూలు మంగళవారాలు అలాంటివే కదా?

అబద్ధాల సంగతి. టెన్నిస్ ఆటగాడు ఆంద్రే అగస్సీ 1997లో మెథాంఫెటమిన్ అనే మత్తుమందు వాడి పరీక్షలో దొరికాడు. తన దగ్గర పనిచేసే మనిషి కూల్‌డ్రింక్‌లో అది కలిసి ఉందని, తెలియక తాగేశానని టెన్నిస్ సంఘానికి ఉత్తరం రాశాడు. వాళ్లు నమ్మి వదిలేశారు. 2009లో వచ్చిన ఆత్మకథలో ఆ ఉత్తరం అబద్ధమని తనే ఒప్పుకున్నాడు. ర్యాంకు 141కి పడిపోవడం, తిరిగి లేచి 1999లో ఫ్రెంచ్ ఓపెన్ గెలవడం అందరికీ తెలిసినవే. నా మనసులో నిలిచిపోయింది మాత్రం, అబద్ధపు ఉత్తరం రాయడానికి కూర్చున్న ఆ మనిషి. నువ్వు మీ అమ్మకు ఫిజియోథెరపీకని చెప్పి డబ్బు తీసుకున్నావు. ఒక్కసారి కాదు. ఆమె ఏమీ అడగకుండా ఎలా ఇచ్చిందో, నోట్లు లెక్కపెట్టేటప్పుడు నువ్వు ఎటు చూశావో రాయి. అచ్చుకు ముందు ఆ పేజీలు అమ్మకు చూపించు. ఆమె వద్దంటే ఆగు. అది ఆమె కథ కూడా.

కోచ్ పేరు రాయాలా వద్దా అని అడిగావు. దీనికి ఇదీ అని ఒకే జవాబు నా దగ్గర లేదు. కెనడా ఐస్ హాకీ ఆటగాడు థియో ఫ్లూరీ 2009లో వచ్చిన ఆత్మకథలో, కుర్రాడిగా ఉన్నప్పుడు కోచ్ తనపై చేసిన లైంగిక అత్యాచారం గురించి, ఆ తర్వాత మద్యం, కొకైన్‌లలో మునిగిపోవడం గురించి చెప్పాడు. తర్వాత పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఆ కోచ్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 2012లో శిక్ష పడింది. అదే మనిషి అంతకుముందు 1997లో షెల్డన్ కెనెడీ అనే ఇంకో ఆటగాడి కేసులోనూ జైలుకెళ్లాడు. పేరు బయటపెడితే ఇంకొందరు పిల్లలు బతుకుతారన్నది నిజం. ఆ దారిలో నువ్వు ఏళ్ల తరబడి నిలబడాల్సి ఉంటుందన్నదీ నిజమే. కాబట్టి పబ్లిషర్ కంటే ముందు ఒక లాయర్‌ను కలువు. ఇది పుస్తకం కోసం తొందరపడి తేల్చే విషయం కాదు.

ఆ అధ్యాయంలో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పాలని నిన్ను ఎవరూ బలవంతపెట్టలేరు. గాయపడిన మనసు జ్ఞాపకాన్ని ముక్కలుగా దాస్తుంది. తలుపు రంగు గుర్తుంటుంది, తేదీ గుర్తుండదు. అలాగే ముక్కలుగా రాయి. గుర్తులేని చోట గుర్తులేదని రాయి. ఖాళీలు పూరించడానికి సంభాషణలు కల్పించకు. నువ్వు గడియారం మీద ఉన్న గీతలు లెక్కపెడుతూ ఉండిపోయానన్నావు చూడు, నాకు అది చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక కుస్తీ ఆటగాడి జీవితకథ ఆయనతో కలిసి రాశాను. అప్పటికి ఆయన తాగుడు మానేసి మూడేళ్లయింది. తండ్రి కొట్టిన దెబ్బల గురించి చెబుతూ ఒకచోట ఆగిపోయాడు. నేను టేప్ ఆపలేదు. "ఇంకొంచెం చెప్పండి, ఇదే ముఖ్యం" అన్నాను. ఆయన చెప్పాడు. నాలుగు గంటలు చెప్పాడు. నేను టేప్ సంచిలో వేసుకుని సంతోషంగా వెళ్లిపోయాను. ఆ రాత్రి నుంచి వారం రోజులు ఆయన తాగాడు. పుస్తకం వచ్చింది, మంచి పేరొచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ టేప్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఒక్కసారి కూడా మళ్లీ వినలేకపోయాను.

అందుకని నీకు పదే పదే చెప్తున్నాను. రాయడం వైద్యం అని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకు. కొన్నిసార్లు మేలు చేస్తుంది, కొన్నిసార్లు కుట్లు విప్పుతుంది. కోచ్ అధ్యాయం మొదలుపెట్టే ముందు మీ కౌన్సెలర్‌కు చెప్పు. ఆ అధ్యాయాన్ని పగటిపూటే రాయి, ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడే రాయి. గంటకు అలారం పెట్టుకుని, మోగగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయి. ఆ రోజు ఎవరికి ఫోన్ చేస్తావో ముందే అనుకుని పెట్టుకో. మళ్లీ తాగాలనిపిస్తే పుస్తకం పక్కన పడేసి ముందు ఆ ఫోన్ చేయి. ఏడాది ఆలస్యమైతే అవుతుంది. పుస్తకం ఎక్కడికీ పోదు, నాక్కావలసింది నువ్వు.

ముగింపు ఎక్కడ అన్నది ఇప్పుడే ఆలోచించకు. పతకంతో ముగించాలని నీకుంది. కానీ కథ అక్కడ ఆగదు. పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రమ్‌కు కొకైన్ అలవాటైంది ఆట నుంచి రిటైరయ్యాకే. పోటీలో దొరికే ఆ ఊపు కోసం ఒళ్లు వెతుక్కుంటుంది. పరుగు ఆగిపోయాక నీ సాయంత్రాలు ఎలా ఉన్నాయో నువ్వు నాకింకా చెప్పలేదు.

వచ్చే నెలలోగా రెండు పేజీలు మాత్రం పంపు, అంతకంటే వద్దు. ఫోన్ ఘట్టం తర్వాత చూద్దాం. ముందు ఆ సాక్స్ గురించి రాయి. ఏ రంగుదో, ఎవరు కొన్నదో, జతలో రెండోది ఏమైందో.

ప్రేమతో,
మీ అక్క